ఎదురు మూల

మా లాండ్రీలో బాయిలర్ చూసుకునే మామ, అందరికీ బాయిలర్ మామే, ఆయన ఇంటికి సీలు వేసేటప్పటికి పెరట్లో తీగ మీద తడి బట్టలున్నాయి. సామానంతా వీధిలోకి చేర్చాక ముందు తలుపుకి తాళం పెట్టి, దాని మీద కాగితం అతికిస్తున్నారు. మామ భార్య ఒక్క మాటే అడిగింది. పక్కసందు నుంచి వెళ్ళి ఆ నాలుగు బట్టలు తీసుకొస్తానంది. ఫైనాన్స్ కంపెనీ నుంచి వచ్చిన వసూలు బాబు ఆమె వైపు చూడకుండానే, సీలు పడ్డాక లోపలున్నదంతా కంపెనీదేనన్నాడు.

"తడి బట్టలు కూడానా బాబూ?"

"ఆరాక అడుగమ్మా" అన్నాడు. ఆయన వెంట వచ్చినవాళ్ళు నవ్వారు.

మేమంతా షిఫ్టుకి వెళ్తూ ఆగి చూస్తున్నాం. చూసి వెళ్ళిపోయాం. ఆ తర్వాత రోజూ అదే దారిన పోతూ గోడ మీదుగా ఆ తీగను చూసేవాళ్ళం. మామ మనవరాలి ఎర్ర గౌను ఎండకి ముందు నారింజ రంగయింది, తర్వాత ఏ రంగో చెప్పలేనట్టయింది. ఊరందరి బట్టలూ ఉతికేవాళ్ళం, ఆ తీగ మీది నాలుగు బట్టలు తీయలేకపోయాం.

మా లాండ్రీలో ఈ పోరాటం ఎలా మొదలైందో రాయమని కాలేజీ పిల్లలు అడిగారు. గోదాముల్లో పనిచేసేవాళ్ళు కూడా అడిగారు. ఐక్యతతో మొదలైందని రాస్తే అబద్ధమవుతుంది. కుళ్ళుతో మొదలైంది. అందులో సగం కుళ్ళు నాదే.

మాది పెద్ద లాండ్రీ. ఆసుపత్రి, హోటళ్ళు, జైలు, అందరి దుప్పట్లూ మా దగ్గరికే వస్తాయి. నేను బడికి పోలేదు. దుప్పట్ల మూలల్లో కొట్టిన ముద్రలు చూసి అక్షరాలు నేర్చుకున్నదాన్ని. నాది మడత బల్ల. పెద్ద దుప్పటి మడవడం ఒక్కరి వల్ల కాదు. ఇటు రెండు మూలలు నేను, అటు రెండు మూలలు నా ఎదురుమనిషి. ఇద్దరం వెనక్కి జరిగి బిగువుగా లాగుతాం, దులుపుతాం, ముందుకి నడిచి మూలకి మూల కలుపుతాం. రోజంతా అలా దూరం జరగడం, దగ్గరికి రావడం. చిరిగిన దుప్పటి కనిపిస్తే మూలకి ముడి వేసి పక్కన పడేయాలి. మడతలో చిరిగితే జరిమానా జోడీది, చెరి సగం. ఇది అక్కడి పద్ధతి.

నా ఎదురుమనిషి నా తోటికోడలు. మా ఆయన తమ్ముడి భార్య. అన్నదమ్ములిద్దరూ పోయారు, మేమిద్దరం మిగిలాం. అందరూ దాన్ని చిన్నది అనేవారు, జుట్టు నెరిశాక కూడా.

మంచి రోజుల్లో ఫైనాన్స్ కంపెనీ వాళ్ళు లాండ్రీ గేటు దగ్గరే బల్ల వేసుకుని ఇళ్ళ లోన్లు ఇచ్చారు. కొత్త లైనులో పక్కపక్క ఇళ్ళు. కట్టలేకపోతే పూచీ పడే షూరిటీ ఎవరని మేం అడిగితే, మడతలో ఎవరికి ఎవరు ఎదురో వాళ్ళే ఒకరికొకరు షూరిటీ అన్నారు. మాకు ముచ్చటేసింది. ఎలాగూ రోజంతా ఒకరి చేతులు ఒకరం చూసుకుంటూ బతికేవాళ్ళమే కదా అనుకున్నాం. చిన్నదానికి నేను, నాకు చిన్నది.

తర్వాత లాండ్రీ వాళ్ళు షిఫ్టులు తగ్గించారు. వాయిదాలు తప్పాయి. ఇళ్ళు ఒకదాని తర్వాత ఒకటి జప్తు చేసి వేలం వేశారు. ఆ వేలం ఎప్పుడు జరిగిందో, ఎక్కడ జరిగిందో మాకు తెలియదు. ఎంత చవగ్గా పోయాయంటే, ఆ ధరకి మేమే కొనుక్కునేవాళ్ళం. ఇల్లు పోయింది కదా, బాకీ కూడా పోయిందనుకున్నాం. పోలేదు. అమ్మిన ధర తీసేయగా మిగిలింది మా పేరునే ఉందన్నారు. దానికి మిగులు బాకీ అని పేరు పెట్టారు. చవగ్గా అమ్మింది వాళ్ళు, ఆ తరుగు కట్టేది మేము. ప్రతి నెలా జీతం మా చేతికి రాకముందే కోత పడేది. నా ఇంటి కిటికీకి ఇప్పుడు ఇంకెవరిదో తెర. ఆ తెర వెనక నిద్రపోయేవాళ్ళ గోడలకి డబ్బు కట్టేది నేను.

ఇల్లు పోయిన వారమే నా కూతురు పొరుగూరికి పనికి వెళ్ళిపోయింది. హాస్టల్లో ఉంటుంది. బస్సు కదిలాక అది వెనక్కి తిరిగి చూడలేదు. చూస్తే దిగిపోతానని భయపడి ఉంటుంది. నాకు అదే గుబులు, ఇప్పటికీ. ఎవరు గుమ్మం దాటినా ఇక రారనే అనిపిస్తుంది. రెండు గదుల వాటా అద్దెకి తీసుకుని దాన్ని వెనక్కి పిలిపించుకోవాలని కొంచెం కొంచెం కూడబెట్టుకుంటున్నాను. నాకున్న ఆశ అదొక్కటే.

అలాంటప్పుడు నా కోత పెరిగింది. వడ్డీ పెరిగిందన్నారు. కూడబెట్టింది కరగడం మొదలైంది. ఇప్పుడే రావద్దని కూతురికి ఫోన్లో చెప్పాల్సొచ్చింది. అది సరేనంది, ఎందుకని అడగలేదు.

సరిగ్గా ఆ నెలలోనే చిన్నది కొత్త చెప్పులు వేసుకొచ్చింది.

చెప్పులే కదా అంటారు. నిజమే. నాకు మాత్రం అవి కళ్ళలో పడ్డ నలుసులయ్యాయి. మడతకి నిలబడితే నా చూపు దుప్పటి మీద ఉండేది కాదు, దాని కాళ్ళ మీద ఉండేది. తర్వాత అది గది మారింది. కిటికీ ఉన్న గది. కిటికీ తూర్పు వైపుకట. పొద్దున్నే వెలుగు ముఖం మీద పడి మెలకువొస్తోందని ఎవరితోనో అంటుంటే విన్నాను. నాకు నిద్రే లేదు, దీనికి మెలకువ గురించి ముచ్చట్లు. పెళ్ళైన కొత్తలో మా అత్తగారు దానికి పెద్ద గరిటెతో వడ్డించడం దగ్గర్నుంచి, నాకంటే ఆలస్యంగా నెరిసిన దాని జుట్టు దాకా, ఇన్నేళ్ళూ దాచుకున్న ఏడుపంతా లెక్కలేసుకుంటూ ఇంటికి నడిచేదాన్ని.

దానికి కోత ఆగిపోయిందని నీళ్ళ కుళాయి దగ్గర తెలిసింది. అది చెప్పలేదు. ఆరబెట్టే సెక్షను ఆవిడ చెప్పింది, చెవిలో చెప్పినట్టే చెప్పి అందరికీ వినిపించింది. అప్పటికే లాండ్రీలో వసూలు బాబు అన్న మాట ఒకటి తిరుగుతోంది. మంచివాళ్ళని చూసి కొందరికి కంపెనీ మాఫీ చేసిందట, ఆ సంగతి ఎవరికైనా చెబితే మాఫీ రద్దవుతుందట. ఇక చూడండి. ఎవరి టిఫిన్ డబ్బాలో ఏముందో అందరూ చూసేవాళ్ళే. ఎవరైనా కొత్త రవిక తొడుక్కుంటే, "నీ మీద దయ పుట్టిందేమిటే?" అని సాగదీసేవాళ్ళు. దగ్గితే మందెక్కడిదని అడిగేవాళ్ళు. ఒకరి కోసం ఒకరు ఆగి కలిసి ఇంటికి నడిచే అలవాటు పోయింది.

బాయిలర్ మామ ఇల్లు పోయాక యూనియన్ వాళ్ళు ఒక మీటింగు పెట్టారు. మిగులు బాకీ అన్యాయమని ఒకాయన బాగానే మాట్లాడాడు. అంతలో ఇస్త్రీ సెక్షను అబ్బాయి, అందరం ఇస్త్రీ బావ అని పిలిచే వాడు, లేచి అడిగాడు, ముందు మాఫీ అయినవాళ్ళెవరో చెయ్యెత్తండి, మీ కోసం మేమెందుకు దెబ్బలు తినాలని. ఒక్క చెయ్యి కూడా లేవలేదు. నేను చిన్నది చెయ్యెత్తుతుందేమోనని చూస్తున్నాను. అది నేల చూస్తోంది. మీటింగు తిట్లతో ముగిసింది. మాఫీ ఎవరికైందన్న చోటే ఆగిపోయాం, మిగులు బాకీ ఎందుకుందన్న చోటికి చేరనే లేదు.

ఆ మర్నాడే నా చేత దుప్పటి చిరిగింది.

ఆసుపత్రి దుప్పటి. వందసార్లు ఉడికి పల్చబడింది, ఎండి పెళపెళలాడుతోంది. పొడి దుప్పటిని మెల్లగా లాగాలి, ఆ సంగతి మాకెవరూ చెప్పక్కర్లేదు. ఎదురుగా చిన్నది, దాని మెడలో కొత్తగా ఒక పూసల దండ. బజార్లో గుట్టగా పోసి అమ్మే రకం. అదీ భరించలేకపోయాను. వెనక్కి జరిగి ఎంత బలంగా గుంజానంటే, దుప్పటి నట్టనడుమ నిలువునా చిరిగింది. అది వెల్లకిలా పడింది, మోచెయ్యి బల్లకి తగిలి రక్తం వచ్చింది. మడత బల్లలన్నీ ఆగిపోయాయి.

సూపర్‌వైజరు వచ్చాడు. ముడి వేసి పక్కన పడేయమన్నాడు. జరిమానా నా పేర రాశాడు, మొత్తం. చెరి సగం కదా అని నేనే గట్టిగా అడిగాను. దాని మీద ఏడుపుతోనే అడిగాను, దానికీ కొంత తగలాలని.

ఆయన విసుక్కున్నాడు. "ఆవిడ జీతం ముట్టుకోవడానికి లేదమ్మా, మాఫీలో ఉంది. ఆవిడ లోన్ బాకీయే నీ జీతంలోంచి కోస్తున్నాం, షూరిటీవి కదా. ఈ దుప్పటి ముక్క ఎంత?"

అన్నాక ఆయనకే అర్థమైంది, అనకూడని మాట అన్నానని. అప్పటికే పక్క బల్లలన్నీ విన్నాయి.

నా కోత వడ్డీ వల్ల పెరగలేదు. దాని చెప్పులు, దాని కిటికీ, అన్నీ నా జీతంలోంచే. నా కూతుర్ని రావద్దన్నది దాని కిటికీ కోసం. దాని దగ్గరికి వెళ్ళాను. కొట్టడానికే వెళ్ళానని అందరూ అనుకున్నారు. నేనూ అదే అనుకున్నాను.

అది నేల మీదే కూర్చుని మోచెయ్యి పట్టుకుని నన్ను చూస్తోంది.

"నాకు తెలియదక్కా. మాఫీ అన్నారు, సంతకం పెట్టమన్నారు. పెట్టాను."

"నాకు చూపించి ఉంటే చదివేదాన్ని కదే. నేను చదవగలనని తెలుసు కదా నీకు."

"ఎలా చూపించను? నీ కళ్ళు పడతాయని భయమేసింది." మళ్ళీ తనే అంది. "నువ్వు చదువుతావు. నీకు కూతురుంది. ఫోన్లో అమ్మా అని పిలుస్తుంది. నాకు ఒక్కటైనా ఉండాలనుకున్నాను. నీకు లేనిది ఒక్కటి."

ఇన్నేళ్ళూ కుళ్ళు నాదొక్కదానిదే అనుకున్నాను. అటు మూలలు పట్టుకున్నది కూడా అదే కుళ్ళు పట్టుకుని ఉంది. నేను దాని పక్కన కూలబడ్డాను. చిరిగిన దుప్పటి పీలిక తీసి దాని మోచేతికి కట్టాను. క్షమించడం కాదది. ఆ క్షణంలో చేతికి ఇంకేం చెయ్యాలో తెలియలేదు.

పగటి షిఫ్టు దిగగానే ఆరబెట్టే పెరట్లో అందరం చేరాం. ఎవరూ పిలవలేదు. గోల గోలగా ఉంది. నాకు ఆగిందా, నీకు పెరిగిందా, ఒకరి మీద ఒకరు అరుచుకుంటున్నారు. చిన్నది నీళ్ళ తొట్టి గట్టు ఎక్కి నిలబడింది. ఎప్పుడూ నలుగురిలో గొంతెత్తని మనిషి.

"మాటలొద్దు. మడతకి నిలబడ్డట్టు నిలబడండి. కోత ఆగినవాళ్ళు గోడ వైపు. కోత పెరిగినవాళ్ళు గేటు వైపు."

గొణుక్కుంటూనే నిలబడ్డారు. జరుగుతూ, సర్దుకుంటూ, ఎవరి ఎదురుమనిషిని వాళ్ళు వెతుక్కుంటూ. నిలబడ్డాక ఎవరికి ఎదురుగా ఎవరున్నారో చూసుకున్నాం. రెండు వరుసలు. మాఫీ అయిన ప్రతి ఒక్కరికీ ఎదురుగా నిలబడ్డది, కోత పెరిగిన సొంత జోడీయే. ఒక్క చోట కూడా తప్పలేదు. ఎవరికీ దయ చూపించలేదు. ఇటు నుంచి తీసి అటు వేశారు, అంతే. అటువాళ్ళు నోరు విప్పరు, ఇటువాళ్ళు అటువాళ్ళ మీద పళ్ళు నూరతారు. కంపెనీకి రావలసింది కంపెనీకి వస్తూనే ఉంటుంది.

"దుప్పటి లేకుండానే మడత పెట్టాడ్రా మనల్ని" అన్నాడు వరుసలోంచి ఎవడో. కొందరు నవ్వారు. ఒకావిడ ఏడ్చింది.

అప్పుడైనా కలిసిపోయామని అనుకోకండి. అసలు గొడవ అప్పుడే మొదలైంది. మాఫీ అయినవాళ్ళు ఇన్ని నెలలదీ సగం మా చేతిలో పెట్టాలని ఇస్త్రీ బావ పట్టుబట్టాడు. నాకూ మనసులో అదే ఉంది, సగం వస్తే వాటా తీసుకోవచ్చని లెక్క కూడా వేసుకున్నాను. గోడ వైపు నుంచి ఆరబెట్టే సెక్షను ఆవిడ ఎదురు తిరిగింది. తన మొగుడి మందులకైపోయాయని, ఇంకోసారి అడిగితే ఆ మందు సీసాలు తెచ్చి ఇస్తానని అంది. మాఫీ వదులుకోమంటే వదులుకునేవాళ్ళు లేరు, పెరిగిన కోత భరించమంటే భరించేవాళ్ళు లేరు. రెండు వరుసలూ దగ్గరికి వస్తున్నాయి, మడతకి కాదు, కలబడడానికి.

బాయిలర్ మామ అప్పటిదాకా గేటుకి ఆనుకుని బీడీ కాలుస్తున్నాడు. సొంత ఇల్లు పోయినా ఎవరి మీదా మాట తూలని మనిషి.

"నా ఇల్లు వేలం కాకముందే ఒకడొచ్చి టేపు పెట్టి గదులు కొలుచుకుపోయాడు" అన్నాడు. "వసూలు బాబు బావమరిది. మన లైనులో పోయిన ఇళ్ళన్నీ వాడివే ఇప్పుడు. మీరెవరైనా వాడి మీద కుళ్ళుకున్నారా? లేదు. ఎవత్తో కొత్త చెప్పులేసుకుంటే కుళ్ళుకున్నారు."

నాకు సిగ్గేసిందని రాయను. నాకు మొదటిసారి సరైనవాడి మీద కుళ్ళు పుట్టింది. నా కిటికీ వాడిది. నా గుమ్మం వాడిది. నేను పీటేసుకుని కూర్చుని పప్పులు ఏరుకున్న అరుగు వాడిది. చెప్పుల మీద పడ్డ మంటకి ఇది పది రెట్లుంది. ఇన్నాళ్ళూ దీన్ని ఎక్కడ వృథా చేశానా అనిపించింది. అదే మాట పైకి అన్నాను. ఇల్లు తీసుకున్నాక మిగిలిందేమిటని అడిగాను. తిన్నది వాళ్ళయితే మిగులు మనదెలా అవుతుందని అడిగాను.

అప్పుడు తేలింది. సగాలు లేవు, పంపకాలు లేవు. మిగులు బాకీ ఎవరూ కట్టరు. మాఫీ అయినవాళ్ళూ కానివాళ్ళూ అందరూ కోత లేని జీతం ఇస్తేనే తీసుకుంటారు, లేదంటే ఎవరూ తీసుకోరు. ఇక మీదట ఏ ఇంటికీ సీలు పడనివ్వం. అన్నిటికంటే ముందు, ఆ బట్టలు.

మర్నాడు షిఫ్టుకి ముందు అందరం కలిసి బాయిలర్ మామ ఇంటికి వెళ్ళాం. కంపెనీ పెట్టిన కాపలావాడు మమ్మల్ని చూసి పక్కకి తప్పుకున్నాడు. మామ భార్య గోడ దూకలేకపోతే చిన్నది వంగి వీపు ఇచ్చింది. ఆమె తీగ మీంచి ఒక్కో బట్టా తీసి, దులిపి, మడత పెట్టి మరీ తెచ్చింది. ఆ గౌను మనవరాలికి ఇక పట్టదు. అయినా గుండెకి హత్తుకుని తెచ్చింది.

జీతాల రోజు సూపర్‌వైజరు పేర్లు పిలిచాడు. పిలిచిన ప్రతి పేరుకీ ఎదురుమనిషి జవాబిచ్చింది, "కోత లేకుండా ఇవ్వండి" అని. కవర్లన్నీ బల్ల మీదే ఉండిపోయాయి. ఆకలి మాటేమిటని అడుగుతారు. గంజి వంతులేసుకుని కాచుకున్నాం. గంజిలో ఎవరికి ఎక్కువ మెతుకులు పడ్డాయన్నదాని మీద కూడా పోట్లాడుకున్నాం. అలా పోట్లాడుకుంటూనే నిలబడ్డాం.

కంపెనీ వాళ్ళు మా పంతం చూద్దామనుకున్నారు. ఇస్త్రీ బావ ఇంటికి సీలు వేయడానికి వచ్చారు, ఈసారి పోలీసులతో. కబురు లాండ్రీకి వచ్చేసరికి ఉతికిన దుప్పట్లు తడిగా బండ్లలో ఉన్నాయి. ఎవరు అన్నారో తెలియదు, బండ్లతో సహా వీధిలోకి పరుగెత్తాం. జోడీలు జోడీలుగా వీధికి అడ్డంగా నిలబడి దుప్పట్లు బిగించి పట్టుకున్నాం. ఒక వరుస, దాని వెనక ఇంకో వరుస, వీధి చివర ఇస్త్రీ బావ గుమ్మం దాకా. వీధంతా తెల్లగా అయిపోయింది. తడి నూలు పొడి నూలంత తేలిగ్గా చిరగదు. ఆ సంగతి మాకు తెలుసు, వాళ్ళకి తెలియదు.

ఇద్దరు పోలీసులు మా దుప్పటి పట్టుకుని చెరోవైపు గుంజారు. చిన్నది నవ్వింది.

"గుంజండి బాబూ. చిరిగితే జరిమానా జోడీది, చెరి సగం."

వీధంతా నవ్వింది. వాళ్ళకి కోపం వచ్చింది. లాఠీలు లేచాయి. కొందరం పడ్డాం, లేచి మళ్ళీ మూలలు వెతుక్కున్నాం. పొద్దు గుంకేదాకా అదే. సీలు వేసేవాళ్ళు తాళం జేబులో పెట్టుకునే వెనక్కి వెళ్ళారు. పోతూ పోతూ ఆసుపత్రి దుప్పట్లు దొంగిలించారని కేసు రాసి, వసూలు బాబు వేలు పెట్టి చూపించిన నలుగురిని, అందులో చిన్నదాన్నీ, పట్టుకుపోయారు. చిన్నదాని మాఫీ రద్దయిందని ఆయన అక్కడే చెప్పాడు. మాఫీ పొందినది ఎదురు తిరగడాన్ని ఓర్చుకోలేకపోయాడు.

దాన్ని వ్యాను ఎక్కిస్తుంటే, నిజం రాస్తున్నాను, అప్పుడు కూడా ఓర్వలేకపోయాను. దాన్నే ఎందుకు? నన్నెందుకు కాదు? నా ఎదుట మూలలు కింద పడి ఉన్నాయి. వ్యాను కదిలింది. నేను అటు చూడదలుచుకోలేదు, ఎవరు వెళ్ళినా తిరిగి చూడరని నాకు అనుభవం. అది చూసింది. కిటికీ ఊచల్లోంచి తల తిప్పి, నన్ను కాదు, నేల మీది మూలల్ని చూసి కళ్ళతోనే తిట్టింది. అంతలో బాయిలర్ మామ భార్య వంగి వాటిని అందుకుంది. దుప్పటి మళ్ళీ లేచింది.

ఇప్పుడు మడత బల్ల దగ్గర కూడా చిన్నదాని బదులు ఆమే నా ఎదురుమనిషి. ఆమె లాగుడు వేరు. ఇంకా కుదురుకోలేదు.

జైలు దుప్పట్లు మా దగ్గరికే వస్తాయని చెప్పాను కదా. వాటిని మడిచేటప్పుడు ఒక బాగున్న దుప్పటి మూలకి ముడి వేసి మూటలో పంపాను. చిరగని దుప్పటికి ముడి వేయడం మా పనిలో తప్పు. చూస్తే దానికి తెలుస్తుందనుకున్నాను. ఆడవాళ్ళ వార్డుకే వెళ్తుందో లేదో, దాని చేతికి చేరుతుందో లేదో తెలియదు. వారం తర్వాత మూటలు తిరిగొచ్చాయి. విప్పి చూస్తే నా ముడి అలాగే ఉంది. దానికి ఎదురు మూల ఇంకో ముడి ఉంది.

ఆ తర్వాతి మూటలో రెండు ముళ్ళ దుప్పట్లు చాలా వచ్చాయి. నేను వేసినవి కావు. మేమెన్నడూ చూడని ఆడవాళ్ళు వేసినవి. ఇవన్నీ చిరిగినవా అని సూపర్‌వైజరు అడిగాడు. ముళ్ళు విప్పమన్నాడు. ఒక్క బల్ల దగ్గర కూడా ఒక్క చెయ్యి కదలలేదు.

నా కూతురికి ఫోన్ చేశాను. వాటా ఇంకా దొరకలేదని, అయినా రమ్మని చెప్పాను. గంజి ఉంది, గొడవ ఉంది, మూలలు పట్టుకునే పని ఉందని చెప్పాను. ఈసారి అది ఎందుకని అడిగింది. వచ్చాక చెబుతానన్నాను.

రేపు ఇస్త్రీ బావ ఇంటికి మళ్ళీ వస్తారట, ఇంకా ఎక్కువమందితో. దుప్పట్లు ఆరబెట్టొద్దని బాయిలర్ మామకి చెప్పాం.